హీత్రో కింద పూడిపోయిన తోటలు

శంషాబాద్‌లో విమానమెక్కి లండన్‌లో దిగే మనవాళ్లు ఈనాడు చాలా మండలాల్లో వున్నారు. ఎకరం అమ్మి కొడుకును పైచదువుకు పంపిన రైతుకు కూడా హీత్రో అనే పేరు తెలుసు. "మావాడు హీత్రోలో దిగాడంట" అని రచ్చబండ దగ్గర చెప్పుకుంటున్నాడు. అయితే హీత్రో అనేది ఒక పల్లె పేరనీ, ఆ పల్లెను ఆనుకుని ఒక విమానాల కంపెనీకి సొంత మైదానం వుండేదనీ, 1944లో పల్లెనూ తోటలనూ మైదానాన్నీ కలిపి ప్రభుత్వం ఒక్క ఊపున స్వాధీనం చేసుకుందనీ, అందుకు చెప్పిన కారణం అబద్ధమనీ, ఆ సంగతిని ఆ పని చేసిన మంత్రే తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడనీ మనలో ఎంతమందికి తెలుసు?

వ్యవసాయ కూలీల సంగతులు రాయవలసిన చోట ఇంగ్లండు విమానాల గొడవ దేనికని కొందరు అడగవచ్చు. భూసేకరణ అధికారి ఊళ్లోకి వచ్చినప్పుడు మనం వినే మాటలు, ప్రజా ప్రయోజనం, అత్యవసరం, దేశ రక్షణ, ఇవన్నీ అక్కడ ముందే వినబడ్డాయి. మనకు 1894లో భూసేకరణ చట్టం తగిలించి పోయింది కూడా ఆ దొరల ప్రభుత్వమే. తమ సొంత రైతుల విషయంలో వాళ్లు ఏం చేశారో చూడటం మనకు అవసరం.

లండన్ నగరానికి పడమట, పదిహేను మైళ్ల లోపే, అప్పటి మిడిల్‌సెక్స్ జిల్లాలో హార్మండ్స్‌వర్త్ అనే గ్రామం వుంది. దాని శివారు పల్లె హీత్రో. ‘హీత్’ అంటే పొదలు పెరిగిన బీడు, ‘రో’ అంటే వరుస. బీడు అంచున కట్టుకున్న ఇళ్ల వరుస అన్నమాట. ఆ బీడు ఒకప్పుడు ఊరుమ్మడి. పేదలు గొడ్లను తోలుకునేవారు, పుల్లా పుడకా ఏరుకునేవారు. 1805లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1819 నాటికి హార్మండ్స్‌వర్త్ ఉమ్మడి భూములన్నీ కొలిచి, పంచి, కంచెలు వేశారు. కాగితం వున్నవాడికి భూమి వచ్చింది. మేపుకునే అలవాటు తప్ప కాగితం లేనివాడు కూలివాడయ్యాడు. ఆ రోజుల్లో ఇలాంటి పంపకాలలో చర్చికి చెల్లించే దశమ భాగం బదులుగా పాదిరీలకు కూడా భూములు కట్టబెట్టడం మామూలే. పాదిరి సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

కంచెలు పడ్డ తరువాత ఆ నేల తోటలయింది. నేల గురించి రెండు మాటలు చెప్పాలి. పైన మెత్తటి, బరువు లేని ఎర్రమట్టి పొర, ఇటుకలకు పనికొచ్చేటటువంటిది. దాని కింద గులకరాళ్లు. వాన పడితే నీరు నిలవదు, ఎండ కాస్తే తేమ పోదు. ఏ పంటకైనా అనువు. ఇంగ్లండులో ఇంతకన్న మంచి నేల దొరకదని ఆ దేశపు భూమి సర్వేలు చేసినవాళ్లే రాశారు. చెర్రీలు, రేగుపండును పోలిన ప్లమ్‌లు, ఆపిల్, స్ట్రాబెర్రీ, చెట్ల సందుల్లో కూరగాయలు, క్యాబేజీ, బఠాణీ. రాత్రికి రాత్రి గుర్రపుబళ్ల మీద సరుకు లండన్ కోవెంట్ గార్డెన్ మార్కెట్టుకు పోయేది. వచ్చేటప్పుడు అవే బళ్లలో నగరంలోని గుర్రాలశాలల పెంట నింపుకుని వచ్చేవారు. నగరం తిన్నది నేలకు తిరిగి చేరేది. మన పట్నాల చుట్టుపక్కల ఆకుకూరలు పండించేవారికి ఈ పద్ధతి కొత్త కాదు.

ఆ తోటల్లో పని ఎవరు చేశారు? పద్ధెనిమిది, పంతొమ్మిదవ శతాబ్దాల్లో వేల్సు నుంచి, ష్రాప్‌షైర్ నుంచి ఆడకూలీలు వేసవిలో కాలినడకన మిడిల్‌సెక్స్ తోటలకు వలస వచ్చేవారు. తెల్లవారకముందే స్ట్రాబెర్రీలు కోసి, గంపలు తలల మీద పెట్టుకుని మైళ్ల తరబడి నడిచి మార్కెట్టులో దించేవారు. బండిలో వేస్తే కుదుపుకి పండు నలుగుతుందని! మనిషి మెడ కుదిపినా ఫరవాలేదు గాని పండు మాత్రం కుదపకూడదు. పాలమూరు నుంచి కాలువ పనులకు పోయినవాళ్ల కథా, శ్రీకాకుళం నుంచి వలస పోయేవాళ్ల కథా చెప్పుకునే మనకు ఇది పరాయి కథ కాదు.

ఇక విమానాల సంగతి. రిచర్డ్ ఫెయిరీ అనే ఆసామి 1915లో విమానాల కంపెనీ పెట్టాడు. ఫ్యాక్టరీ హేస్ అనే చోట. తయారైన విమానాలను పరీక్షించడానికి నార్తోల్ట్ అనే ప్రభుత్వ మైదానం వాడుకునేవాడు. 1928లో వైమానిక శాఖ ఖాళీ చెయ్యమంది. వేరే చోటు వెతుక్కోవలసి వచ్చింది. కంపెనీ పైలట్ మాక్మిలన్ అంతకుముందోసారి, 1925లో, విమానం మొరాయిస్తే హీత్రో పొలాల్లో దిగాడట. నేల బల్లపరుపుగా వుందని గుర్తుపెట్టుకున్నాడు. ఆ గుర్తు మీద బేరం మొదలయింది. సుమారు 150 ఎకరాలు, 15 వేల పౌండ్లు. అమ్మినది ఎవరో తెలుసా? హార్మండ్స్‌వర్త్ పాదిరిగారు. దున్నేవాడు కాదు, దేవుడి పేరున కాగితం చేతిలో వున్నవాడు.

1930లో మైదానం మొదలయింది. గ్రేట్ వెస్ట్ ఏరోడ్రోమ్ అని పేరు. సిమెంటు రన్‌వే ఏమీ లేదు, చదును చేసిన పచ్చిక, ఒక పెద్ద షెడ్డు, అంతే. అది కంపెనీ సొంతం, ప్రజలు టిక్కెట్టు కొని ఎక్కే చోటు కాదు. స్వోర్డ్‌ఫిష్ అనే విమానం, తరువాత యుద్ధంలో పేరు తెచ్చుకున్నది, 1934 ఏప్రిల్‌లో మొదట అక్కడి నుంచే లేచింది. 1935 నుంచి 1939 వరకు ఏటా ఒక రోజు రాయల్ ఏరోనాటికల్ సొసైటీవారు అక్కడ తోట విందు చేసుకునేవారు. పెద్దమనుషులు టోపీలు పెట్టుకుని వచ్చి విమానాలు చూసేవారు. చుట్టూ తోటలు మాత్రం తోటలుగానే వుండేవి. ఇది మెచ్చుకోవటానికి చెప్పడం లేదు. ఆ చిన్న మైదానం 150 ఎకరాల నేలను పంటనుంచి తప్పించింది నిజమే, కాని మిగతా పల్లెను మింగలేదు. మింగటానికి ప్రభుత్వం కావలసి వచ్చింది.

యుద్ధం వచ్చింది. 1939లో బ్రిటిష్ పార్లమెంటు అత్యవసర అధికారాల చట్టం చేసింది. యుద్ధ అవసరమని చెబితే చాలు, భూమి తీసుకోవచ్చు. బహిరంగ విచారణ అక్కరలేదు, అభ్యంతరాలు వినక్కరలేదు. హిట్లరు మీద పోరాటంలో అలాంటి అధికారాలు అవసరం లేదని మేము అనము. ఫాసిజం మీద యుద్ధం ప్రజల యుద్ధం. ఆ చట్టాన్ని ఎవరు దేనికి వాడుకున్నారనేదే ప్రశ్న.

1943-44 నాటికి యుద్ధం గెలుస్తామన్న సంగతి పాలకులకు అర్థమయింది. యుద్ధం తరువాత ఆకాశ వ్యాపారంలో అమెరికాతో పోటీ పడాలంటే లండన్‌కు ఒక భారీ పౌర విమానాశ్రయం కావాలి. ఎక్కడ పెట్టాలి? ఫెయిరీ మైదానం చుట్టూ వున్న సమతల నేల కళ్లబడింది. కాని మామూలు చట్టం ప్రకారం పోతే విచారణలు జరపాలి, ఏళ్లు పడుతుంది, ఖర్చూ అవుతుంది. పైగా తిండిగింజలకు కటకటగా వున్న రోజులు, నీటిదారిన జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని ముంచుతుంటే ఇంటి పట్టున పండే ప్రతి కూరగాయా లెక్కే. అటువంటి నేల పోగొట్టుకోవటానికి వ్యవసాయ శాఖకే ఇష్టం లేదు. అప్పుడు వైమానిక శాఖ వేసిన ఎత్తు ఏమిటంటే, జపానుతో యుద్ధానికి తూర్పు దేశాలకు సైన్యాన్ని చేరవేసే దూరప్రయాణపు విమానాలకు లండన్ పక్కనే స్థావరం కావాలి, ఇది సైనిక అవసరం, ఆలస్యం కుదరదు అని మంత్రివర్గ కమిటీ ముందు వాదించింది. కమిటీ ఒప్పుకున్నది.

ఆ వాదన నడిపిన వైమానిక శాఖ ఉపమంత్రి హెరాల్డ్ బాల్ఫర్. 1973లో, అనగా దాదాపు ముప్పై ఏళ్ల తరువాత, జ్ఞాపకాల పుస్తకం అచ్చువేసుకున్నాడు. సైనిక అవసరమనేది సాకేననీ, మొదటినుంచీ తన మనసులో వున్నది పౌర విమానాశ్రయమేననీ, తోటి మంత్రుల కమిటీని తాను మోసపుచ్చాననీ అందులో దాపరికం లేకుండా రాశాడు. సిగ్గుపడుతూ రాసినట్టు కూడా లేదు, గడుసుతనం చెప్పుకున్నట్టు వుంది. అప్పటికి ఆయన ప్రభువుల సభలో ప్రభువు. మనవాళ్లు ఇంతైనా రాయరు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. అదీ నిజమే.

1944 వేసవిలో పల్లె ఖాళీ చేయించారు. చెట్ల మీద కాయ వుండగానే తోటలు కూలగొట్టారు. ఇళ్లు, పందిళ్లు, దుకాణం, అన్నీ నేలమట్టం. నేల తవ్వేముందు పురావస్తు శాఖ తరఫున గ్రైమ్స్ అనే పండితుడికి కొద్ది వారాలు గడువిచ్చారు. ఇనుప యుగం నాటి ఊరు, గుడి పునాది బయటపడ్డాయి. ఆయన వాటి గుంజల గుంతలు సైతం కొలిచి బొమ్మలు వేసుకున్నాడు. మంచి పని. రెండు వేల ఏళ్ల కిందటి గుంజకు కొలత దొరికింది. మొన్నటిదాకా ప్లమ్ చెట్లు కత్తిరించిన కూలీకి ఆ మాత్రం లెక్క దొరకలేదు.

ఇక్కడొక తమాషా చెప్పాలి. ఆ పక్కనే పెరీ ఓక్స్ అనేచోట 1936 నుంచి పట్టణపు మురుగు మడ్డిని ఎండబెట్టే పెద్ద పెద్ద మడుగులు వున్నాయి. ఊరును కొద్ది నెలల్లో లేపిన ప్రభుత్వం ఆ మురుగు మడుగులను మాత్రం లేపలేకపోయింది. దాన్ని మార్చటం కష్టం, ఖర్చు, వేరే చోటు లేదు! దాదాపు అరవై ఏళ్లు అవి రన్‌వేల పక్కనే వున్నాయి. చివరకు 2008లో తెరిచిన అయిదో టెర్మినల్ ఆ స్థలంలోనే వచ్చింది. మురుగుకు వున్న పునరావాస హక్కు మనిషికి లేదన్నమాట.

జపానుతో యుద్ధం 1945 ఆగస్టులో ముగిసింది. హీత్రో నుంచి సైన్యం యుద్ధానికి పోనేలేదు. 1946 జనవరి 1న మైదానం పౌర విమాన శాఖ చేతికి వచ్చింది, ఆ రోజే ఒక విమానం అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఏరీస్‌కు లేచింది. ప్రయాణికులు కూర్చోవటానికి గదులు కూడా లేవు, సైన్యం గుడారాలు వేసి అందులో కుర్చీలు వేశారు. ఇంత అత్యవసరం!

మరి పరిహారం? యుద్ధకాలపు చట్టం ప్రకారం భూమిలో హక్కు వున్నవారికే పరిహారం. ఫెయిరీ కంపెనీ ఊరుకోలేదు. వకీళ్లను పెట్టింది, ఏళ్ల తరబడి కొట్లాడింది. పరీక్షలకు మైదానం పోయింది గనుక మొదట హెస్టన్, తరువాత వైట్ వాల్తామ్ అని చోట్లు మారింది. ఫెయిరీ 1956లో చనిపోయాడు. 1960లో విమానాల వ్యాపారాన్ని మరో కంపెనీ కలుపుకున్నది. అయినా తగాదా నడిచింది. చివరకు 1964లో, ఇరవై ఏళ్లకు, 16 లక్షల పౌండ్లకు పరిష్కారమయింది. కొన్నది 15 వేలకు. మధ్యలో మరికొంత భూమి చేర్చుకున్నా, షెడ్లు కట్టుకున్నా, తేడా చూడండి. ఒక కంపెనీ అయినందువల్ల అది ఇరవై ఏళ్లు కోర్టులో నిలబడగలిగింది. కూలి మనిషి ఇరవై రోజులు పని లేకుండా నిలబడలేడు. తోట పోగానే కూలీ మరోచోటికి పోతాడు. పోయినవాడు ఫైలులో వుండడు, ఫైలులో లేనివాడికి నష్టం లేదు. ఇదీ వాళ్ల లెక్క.

ఇంకో సంగతి. యుద్ధం పేరున, ప్రజల పేరున తీసుకున్న ఆ నేల ఇప్పుడెవరిది? థాచర్ ప్రభుత్వం 1986లో చట్టం చేసి, 1987లో విమానాశ్రయాల సంస్థను షేరు మార్కెట్టులో అమ్మింది. 2006లో స్పెయిన్ కంపెనీ నాయకత్వాన వున్న ముఠా కొన్నది. తరువాత కతార్ ప్రభుత్వ నిధి, ఫ్రెంచి పెట్టుబడి సంస్థ, సౌదీ నిధి వాటాదార్లయ్యారు. మూడు వేల ఎకరాలు. పాదిరి నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి సర్కారుకు, సర్కారు నుంచి దేశాంతర పెట్టుబడికి. ఈ చేతులు మారటంలో ఒక్కసారి కూడా తోటవాళ్ల చెయ్యి లేదు. ఆ నేల మీద నేడు పనిచేసేవారిలో మన దేశపు ఆడవాళ్లు చాలామంది. 2005 ఆగస్టులో విమానాలకు భోజనం సర్దే ఒక కంపెనీ ఆరు వందల పైచిలుకు కార్మికుల్ని ఒక్క రోజులో తీసేసింది. ఎక్కువమంది పంజాబీ తల్లులు. వారి కోసం సామాన్లు మోసే కార్మికులు పని ఆపితే హీత్రో స్తంభించింది. గంప మోసిన వేల్సు ఆడకూలీ, పెట్టె సర్దిన పంజాబీ ఆడకూలీ, నేల ఒకటే.

ఆ పల్లె పోయిన తరువాత కూడా ఆకలి తీరలేదు. 1946లోనే రోడ్డుకు ఉత్తరాన వున్న ఊళ్లను కూడా కలుపుకోవాలని పథకం వేశారు, 1952లో మానుకున్నారు. తరువాత మూడో రన్‌వే. 2018లో పార్లమెంటు ఒప్పుకున్నది, 2020లో ఒక కోర్టు కొట్టేస్తే అదే సంవత్సరం పై కోర్టు నిలబెట్టింది, 2025 జనవరిలో అక్కడి లేబర్ ప్రభుత్వం మళ్లీ భుజానికెత్తుకుంది. ఈసారి గురి హార్మండ్స్‌వర్త్ ఊరి మీదకే.

మన దగ్గరికి వద్దాం. 1894 చట్టంలో 17వ సెక్షన్ అని ఒకటి వుండేది. అత్యవసరం అని ప్రభుత్వం రాస్తే చాలు, రైతు అభ్యంతరం వినకుండానే భూమి తీసుకోవచ్చు. హీత్రో మీద ప్రయోగించిన కత్తికి ఇది అన్న. స్వాతంత్ర్యం వచ్చిన అరవై ఏళ్లకు పైగా ఈ కత్తి మన మెడల మీద వుంది. ఫ్యాక్టరీలకూ, బిల్డర్ల ఇళ్లకూ కూడా అత్యవసరమే! 2011 జూలైలో గ్రేటర్ నోయిడా దగ్గర షాబేరి గ్రామం విషయంలో సుప్రీంకోర్టే ఆ దుర్వినియోగాన్ని కొట్టేసింది. రైతాంగం పోరాడగా పోరాడగా 2013 చట్టం వచ్చింది, 2014 జనవరి 1 నుంచి అమలు. అందులో 40వ సెక్షన్ అత్యవసరాన్ని దేశ రక్షణకు, ప్రకృతి వైపరీత్యాలకు, లేదా పార్లమెంటు ఆమోదించిన మరో అత్యవసరానికి పరిమితం చేసింది. మనుషుల మీద పడే ప్రభావాన్ని ముందు అంచనా వేయాలన్నది. అన్నిటికన్న మాకు ముఖ్యమైనది, బాధిత కుటుంబమంటే పట్టాదారు ఒక్కడే కాదు, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కూలీ, కౌలుదారు, చేతివృత్తులవారు కూడా అని రాసింది. వ్యవసాయ కార్మికుడి పేరు భూసేకరణ చట్టంలోకి రావటానికి నూట ఇరవై ఏళ్లు పట్టింది.

వచ్చిందని సంబరపడేలోపు గండి కొట్టారు. తెలంగాణ ప్రభుత్వం 2016-17లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో సవరణలు తెచ్చి, మౌలిక సదుపాయాలు, పారిశ్రామిక కారిడార్లు వంటి పేర్లు గల పథకాలకు ఆ ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చుకునే దారి చేసుకున్నాయి. బాల్ఫర్‌కు యుద్ధం ఒక మంత్రం. మనవాళ్లకు ‘మౌలిక సదుపాయం’ ఒక మంత్రం. అబద్ధం చెప్పే కష్టం కూడా తగ్గింది.

కౌలుదారు, కూలీ తమ పేరు రుజువు చేసుకోవాలంటే ఏముంది? ఆంధ్రలో 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే ఆసామి సంతకం పెట్టాలి. తెలంగాణలో 2020లో ధరణి తెచ్చినప్పుడు అనుభవదారు కాలమే ఎత్తేశారు. మేము పనిచేసే చోట ఒక కాలువకు భూములు తీసుకున్నప్పుడు గ్రామసభలో ఒకామె లేచి, "పట్టా లేదు సారూ, పదిహేడేళ్ల నుంచి ఆ మళ్లల్లో నాటేసేది మేమే" అన్నది. సారు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, "భూమి పోయింది ఆసామిది గదమ్మా, నీదేం పోయింది?" అన్నాడు. ఆమెతో బాటు ఆ మళ్ల మీద నలభై రెండు ఇళ్లు బతికేవి. జాబితాలో ఎక్కింది తొమ్మిది పట్టాలు.

విమానాలు వద్దని మేము అనడం లేదు. మన పిల్లలూ ఎక్కుతున్నారు, ఎక్కాలి. శంషాబాద్‌కు సుమారు 5,500 ఎకరాలు పోయాయి. భోగాపురంలో 2015 నుంచి రైతులు కొట్లాడబట్టే ప్రభుత్వం మొదట అడిగిన ఎకరాలు బాగా తగ్గించుకోవలసి వచ్చింది. వరంగల్ మామునూరు, నైజాం కాలపు మైదానం, 1981 నుంచి మూతబడి వుంది. దాన్ని మళ్లీ తెరవటానికి 2025లో కేంద్రం అనుమతిచ్చింది, అదనంగా 253 ఎకరాలు కావాలన్నారు. పెద్దపల్లి దగ్గర బసంత్‌నగర్‌లో సిమెంటు కంపెనీవారి విమానాల దారి కూడా చాలా ఏళ్లుగా మూతబడి వున్నదే. మూతబడిన మైదానం దగ్గర భూమి వున్నవాళ్లు, అందులో పని చేసేవాళ్లు ధీమాగా వుండటానికి వీల్లేదు. హీత్రోవాళ్లకు కూడా పక్కనున్నది కంపెనీవాడి చిన్న పచ్చిక మైదానమే.

కనుక సర్వే గొలుసు కనబడ్డ రోజునే పని మొదలుపెట్టాలి. పట్టాదారుల జాబితా రెవెన్యూవాళ్లు రాసుకుంటారు, దానికి మనం అక్కరలేదు. మనం రాయవలసింది రెండో జాబితా. ఏ సర్వే నెంబరులో ఎవరు కౌలు, ఎవరు జీతం, నాట్లకూ కోతలకూ ఏ ఇంటినుంచి ఎంతమంది, ఎన్నేళ్ల నుంచి, ఎవరి మేకలు ఆ గట్ల మీద మేస్తాయి, ఎవరి బండి ఆ పంట మోస్తుంది. రేషను కార్డు నెంబరు, ఓటరు జాబితాలో వరుస నెంబరు పక్కన వెయ్యాలి. కౌలు కట్టిన చీటీ, విత్తనాల రసీదు, సొసైటీ పుస్తకం, ఏది దొరికితే అది జత చెయ్యాలి. ఆడవాళ్ల పేర్లు మగవాళ్ల పేర్ల కింద కలపకుండా విడిగా రాయాలి, మూడేళ్లు అని చట్టం అడుగుతుంది గనుక ఏ ఏడు నుంచో స్పష్టంగా వుండాలి. గ్రామసభలో చదివించి, తీర్మానంలో ఎక్కించి, మండలాఫీసులో ఇచ్చి ముద్ర వేసిన నకలు తెచ్చుకోవాలి. ముద్ర వెయ్యనంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోవాలి.